నల్లగుడ్డ చాటునుంచి కృష్ణాతీరం

బెజవాడ యెండలను గురించి కొత్తగా చెప్పవలసిన పని లేదు. ఇంగ్లీషు చదువుకున్న వాళ్ళు ఈ వూరిని "బ్లేజువాడ" అని పరిహాసమాడేవారు. వడియాలకూ, వూరగాయలకూ ఆ యెండ మంచిదే. ఫోటోగ్రాఫరుకు మాత్రం అది అత్తగారి వంటిది. లేకపోతే కొంప గడవదు, వుంటే ప్రాణం నిలవదు.

లేకపోతే గడవదని ఎందుకన్నానంటే, మా నాన్నగారు 1951లో గవర్నరుపేట సందులో స్టూడియో పెట్టినప్పుడు దానికి దీపాలు లేవు. ఉత్తరపు వాలు కప్పులో పెంకులు తీయించి అద్దాలు వేయించారు. వాటికింద తెల్లని తెరలు. పొడుగాటి వెదురుకర్రతో ఒక తెర లాగితే ముఖంమీద వెలుగు పడేది, మరొకటి లాగితే ముక్కు పక్కన నీడ తీరేది. మబ్బు పట్టిందంటే బేరం లేనట్టే. శ్రావణమాసంలో మా అమ్మ వరలక్ష్మీవ్రతం చేస్తూ కూడా ఆకాశంకేసి చూస్తూండేది.

ఇక వుంటే ప్రాణం నిలవదని ఎందుకన్నానో వినండి. తీసిన ఫిల్మును మందునీళ్ళలో కడగాలి. ఆ నీళ్ళు 68 డిగ్రీల ఫారెన్‌హీటు వేడిలో వుండాలని డబ్బామీద సీమదొరలు అచ్చువేసేవారు. వైశాఖమాసంలో మా కుళాయి నీళ్ళే 90 దాటి వుండేవి. ఫిల్ముమీద బొమ్మను పట్టి వుంచే పొర జిలటిన్‌తో చేసినది. ఆ వేడికి వుబ్బి, ముడతలుపడి, వేడి అన్నంమీద వేసిన నెయ్యిలాగా జారిపోయేది. పెళ్ళికూతురి తల ఒకచోట, కాసులపేరు మరొకచోట! అందుకని ముహూర్తాల రోజుల్లో గోనెసంచిలో రంపపుపొట్టు మధ్య ఐసుదిమ్మ రిక్షాలో వచ్చేది. పెద్ద బేసినులో ఐసు పోసి, అందులో మందు పళ్ళెం వుంచి, తెల్లవారుజామున మూడుగంటలకు లేచి కడిగేవారు. హైపోలో పటిక కలిపితే పొర గట్టిపడుతుంది. చాలాకాలం నాకు పటిక అంటే మంగలి దుకాణం గుర్తుకు రాక, పెళ్ళిళ్ళే గుర్తుకొచ్చేవి.

ఆ స్టూడియోలో నా వుద్యోగం ఆరో యేట మొదలయింది. పూలజడ అద్దం పట్టుకోవడం నా పని.

తెలుగువారి ఆడపిల్ల పుట్టిన ఇంట్లో పూలజడ ఫోటో లేకుండా వుండేది కాదు. మల్లెలకాలం వచ్చేసరికి సాయంత్రం నాలుగు గంటలకల్లా మా అరుగుమీద పదిమంది పిల్లలు వరసగా కూర్చునేవారు. మల్లెమొగ్గలను ఈనెపుల్లలకు గుచ్చి, మధ్యమధ్య కనకాంబరాలో మరువమో చేర్చి జడకు కుట్టేసరికి రెండు గంటలు పడుతుంది. ఆ తర్వాత పిల్ల వెనక్కు ఆనుకోకూడదు, పడుకోకూడదు, తల తిప్పకూడదు. అంత కష్టపడి కుట్టిన జడ వెనక వుంటుంది; ముఖం ముందు వుంటుంది. రెండూ ఒక్క ఫోటోలో పడాలి. అందుకు అద్దం. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి, వెనక నిలువుటద్దాన్ని వాలుగా పెడితే జడ అందులో కనిపిస్తుంది. అద్దం సూటిగా పెట్టారో, కెమెరా, దాని వెనక నల్లగుడ్డ కప్పుకున్న మనిషీ కూడా అందులో పడతారు. నేను అద్దం అంచు పట్టుకుని, "ఇంకాస్త... ఇంకాస్త... ఆఁ, చాలు" అని నల్లగుడ్డ కిందనుంచి వచ్చే మాట ప్రకారం తిప్పేవాడిని. నాన్నగారికి ఆ అద్దంలో తన నీడ పడడమంటే ఎక్కడలేని నామోషీ. పడితే ప్లేటు పారేసి మళ్ళీ తీసేవారు. ప్లేటు ఖరీదు తలచుకుని అమ్మ నన్ను తిట్టేది.

ఘోషా పాటించే ఇళ్ళనుంచి ఆడవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళను కూర్చోబెట్టడం, చీర కుచ్చెళ్ళు సర్దడం, గడ్డం పట్టుకుని తల కాస్త ఎత్తడం అంతా మా అమ్మే చూసేది. ఇది మా అమ్మ కనిపెట్టిన పద్ధతి అనుకునేవాడిని. తర్వాత తెలిసింది, హైదరాబాదులో రాజా దీనదయాళ్ 1892లోనే స్త్రీలకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, ఒక దొరసాని చేతిలో వుంచాడట. ఆయన నిజాంగారి కొలువులో ఫోటోగ్రాఫరు. మాది గవర్నరుపేట సందు. కాని పెద్దింటి కోడలైనా, పేదింటి కోడలైనా కెమెరా ముందు గుటక మింగడం ఒక్కలాగే వుంటుంది.

మాకు పంచాంగమే పద్దుపుస్తకం. ఆషాఢం, మూఢం ఖాళీ. సంక్రాంతికి ధాన్యం అమ్మిన డబ్బు చేతిలో పడుతుంది కనుక డెల్టా రైతులు బళ్ళమీద కుటుంబాలతో వచ్చేవారు. భోగినాడు సాయంత్రం ఇళ్ళకు వెళ్ళి, పసిపిల్లల తలమీద రేగుపళ్ళూ, చిల్లరా పోస్తూండగా తీయాలి. రేగుపండు నెత్తిన పడేదాకా నవ్వుతూ వున్న పిల్ల పడగానే కెవ్వుమంటుంది. ఆ రెంటికీ మధ్య ఒక్క క్షణం వుంటుంది, ఆశ్చర్యపడే క్షణం. అది దొరికితే ఆ యేటికి నా పండగ అయినట్టే. దసరాలో మూలానక్షత్రం రోజున ఇంద్రకీలాద్రిమీద అమ్మవారు సరస్వతి అలంకారంలో వుంటుంది. అక్షరాభ్యాసం అయిన పిల్లలు పలకలతో కొండదిగి నేరుగా స్టూడియోకు వచ్చేవారు. పలకమీద "ఓం నమః" చెరిగిపోయి వుంటే మా అమ్మ మళ్ళీ వ్రాసిపెట్టేది. శ్రీమంతం, బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, వోణీలు, వొడుగు, పెళ్ళి, షష్టిపూర్తి... ఒకే మనిషిని ఇన్నిసార్లు చూసేవాడు వూళ్ళో పురోహితుడు తప్ప ఫోటోగ్రాఫరే.

స్టూడియోలో నలుగురికీ సరిపోయే ఒక కోటు వుండేది. సన్నవాళ్ళకు వెనకనుంచి గుండుసూదులు పెట్టేవాళ్ళం. నడవని గడియారం ఒకటి వుండేది. తెరలు మూడు: రాజమహలు మెట్లు, పూలతోట, విమానం. 1957లో కృష్ణమీద కొత్త బ్యారేజీ పూర్తయి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టగానే నాన్నగారు దానినే నాలుగో తెరగా వ్రాయించారు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోయినప్పటి భయం జనం మనసులో ఇంకా వుండేదనుకుంటాను. రైతులందరూ విమానాన్ని వదిలి బ్యారేజీ తెరముందే నిలబడతామనేవారు. వూళ్ళోనే అసలు బ్యారేజీ వుండగా బొమ్మ ఎందుకయ్యా అంటే, "అక్కడైతే గాలికి జుట్టు రేగుతుందండీ" అని జవాబు.

ఇక డెల్టా ప్రయాణం. నాన్నగారి రోజుల్లో బందరు కాలువమీద పడవలో వెళ్ళేవారు. గాజుప్లేట్ల పెట్టెకు పడవ ప్రయాణమే మేలు. బస్సు కుదుపులకు ప్లేట్లు పగిలేవి. నా రోజులకు బస్సే. పెనమలూరు, కంకిపాడు దాటగానే రోడ్డుకు ఇరువైపులా నీళ్ళు నిలిచిన మళ్ళు. వుయ్యూరు దగ్గర చెరకు బళ్ళ వరస. పామర్రులో కుడిచేతికి తిరిగితే కూచిపూడి, ఆపైన చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుపాయలై దివిసీమను ఒడిలో పెట్టుకుంటుంది. నాట్ల రోజుల్లో ఈ దారిలో ఫోటో తీస్తే ముఖంమీద నీడే నిలవదు. కిందనుంచి నీళ్ళు కూడా వెలుగును పైకి కొడతాయి. ముసలివాళ్ళ ముడతలు సైతం మెత్తబడి కనిపిస్తాయి. మా స్టూడియోలో ఏ తెరా ఆ పని చేయలేకపోయింది. 2022లో జిల్లాను విడదీసి బెజవాడను ఎన్.టి.ఆర్. జిల్లాలో పెట్టి, బందరును కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణంగా వుంచారు. పొద్దున లేస్తే కృష్ణ కనిపించే మేము ఆ విధంగా కృష్ణా జిల్లావాళ్ళం కాకుండా పోయాం!

పల్లెటూరి పెళ్ళిలో ఫోటోగ్రాఫరుకు మర్యాద ఎక్కువ, నిద్ర తక్కువ. ముహూర్తం రాత్రి రెండుగంటలకు వుంటుంది. తాటాకు పందిరి, పెట్రోమాక్సు దీపాలు, వాటిచుట్టూ పురుగులు. నా మెడలో యాషికా కెమెరా. రీలుకు పన్నెండు బొమ్మలు. పదకొండో బొమ్మ అయ్యాక పురోహితుడివైపు ఆశగా చూడాలి. ఆయన మంత్రం సాగదీస్తే రీలు మార్చుకోవచ్చు. ఆయనకు నిద్ర వస్తూంటే మన పని అయిపోయినట్టే. జీలకర్రబెల్లం పెట్టాక అడ్డుతెర దించే క్షణం అన్నిటికంటె గడ్డుది. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని చూస్తాడు, పెళ్ళికూతురు నేలను చూస్తుంది, వియ్యపురాలు నన్ను చూస్తుంది.

ఒక వైశాఖంలో, చల్లపల్లి దగ్గర పల్లెలో, నా బుద్ధి గడ్డితిన్న సంగతి చెప్పాలి. వుక్కకు తట్టుకోలేక మెడలో తువ్వాలు వేసుకున్నాను. ఆ కెమెరాకు కళ్ళు రెండు. పై కంటితో మనం చూస్తాం, కింది కంటితో ఫిల్ము చూస్తుంది. తువ్వాలు కొస కింది కంటికి అడ్డంగా వేలాడింది. పైన నాకు మాంగల్యధారణ లక్షణంగా కనిపిస్తూనే వుంది. బెజవాడ వచ్చి కడిగితే మూడు బొమ్మల్లో మసక తప్ప మనిషి లేడు. పెళ్ళికూతురి తండ్రికి మొహం చూపించడానికి వారం పట్టింది. ఆయన ఆ మసక కాగితాన్ని చాలాసేపు చూసి, "తాళి మళ్ళీ కట్టించలేము కదా నాయనా, తువ్వాలు ఫోటోకు మాత్రం డబ్బివ్వను" అన్నాడు. తరవాత ఆ పిల్ల సీమంతానికి కూడా నన్నే పిలిచారు. తువ్వాలు ఇంట్లో పెట్టి రమ్మని కబురు.

అన్ని ఫోటోలూ అలా నవ్వుతూ చెప్పుకోదగినవి కావు. పెళ్ళిచూపులకు ముందు పంపే ఫోటో వుందే, దాన్ని తలచుకుంటే నాకిప్పటికీ మనసు బాగుండదు. నెగెటివు మీద సన్నని పెన్సిలుతో గీస్తే అచ్చులో ఆ చోటు తెల్లబడుతుంది. మొటిమ పోతుంది, కంటికింద నలుపు పోతుంది. "కాస్త రంగు తేల్చండి" అని తల్లి మెల్లగా అడుగుతుంది. తండ్రి గోడకేసి చూస్తాడు. నేను తేల్చేవాడిని. ఒక అమ్మాయి విషయంలో మరీ తేల్చాను. పెళ్ళివారు గుంటూరునుంచి వచ్చి, ఫోటోనూ పిల్లనూ మార్చిమార్చి చూసి, కాఫీ తాగి వెళ్ళిపోయారట. ఆ అమ్మాయి తరవాత ఒకసారి వుద్యోగం దరఖాస్తుకు ఫోటో తీయించుకోవడానికి వచ్చి, "ఈసారి నన్నే తీయండి" అన్నది. ఏమీ దిద్దలేదు. ఆ రోజునుంచి రంగు తేల్చే పని మానుకున్నాను. బేరాలు కొన్ని పక్క వీధికి పోయాయి.

అర్ధరాత్రి తలుపు తట్టే బేరం ఇంకొకటుంది. ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని జీవితమంతా తప్పించుకు తిరిగిన పెద్దవాళ్ళు పోయాక, ఆ ఒక్క ఫోటోకోసం కొడుకులు వచ్చేవారు. కూర్చోబెట్టి, వెనకనుంచి ఒకరు పట్టుకుంటే, తీసేవాళ్ళం. తరవాత "కళ్ళు తెరిపించండి" అనేవారు. కన్ను చిత్రించి తెరిపించడం నాన్నగారి వద్ద నేర్చుకున్నాను. ఎవరి కళ్ళు వేయాలి? కొడుకుల్లో ఎవరికి తండ్రి పోలిక వుందో చూసి, వాడి కళ్ళు చూసి వేసేవారాయన. కృష్ణా జిల్లాలో గోడలమీద బొట్టుపెట్టి, గంధపుదండ వేసిన పటాల్లో కొన్నిటిలో తండ్రి ముఖంలోంచి చూసేది కొడుకే.

ఇప్పుడు నెగెటివుల సంగతికి వస్తాను. ఫిల్ములో వెండి వుంటుంది. పాత ఫిల్ములు, వాడేసిన హైపో కొనుక్కుని వెండి తీసేవాళ్ళు స్టూడియోలచుట్టూ తిరిగేవారు. పాత గాజుప్లేట్లనయితే వేడినీళ్ళలో చాకలిసోడా వేసి గీకితే బొమ్మ వూడిపోయి మంచి అద్దం మిగులుతుంది. దాన్ని పటం కట్టడానికి వాడేవాళ్ళం. అంటే ఒకరి బొమ్మ చెరిపి, ఆ అద్దం ఇంకొకరి బొమ్మకు పెట్టేవాళ్ళమన్నమాట. చోటు చాలదు, అద్దె పెరుగుతుంది, ఏం చేయను? నాన్నగారు పోయాక నేను ఏటా దీపావళికి ముందు స్టూడియో కడిగించి, ఆ యేటి ఫిల్ములు తూకానికి వేసేవాడిని.

1977లో కూడా అలాగే వేశాను. దీపావళి అయిన వారానికి, నవంబరు 19 శనివారం, దివిసీమమీద వుప్పెన పడింది. పోయినవాళ్ళు 10,000 మందికి తక్కువ లేరు. నేను ఎరిగిన పందిళ్ళు, నాకు మంచం వేసి పడుకోబెట్టిన అరుగులు, ఆ కెరటంకింద ఏమయ్యాయో చెప్పలేను.

సంక్రాంతి దాటాక నాగాయలంక వైపునుంచి ఒక మనిషి వచ్చాడు. చేతిలో రసీదు లేదు, చిరునామా లేదు, ఆ మాటకొస్తే వూరే లేదు. భార్యా ఇద్దరు పిల్లలూ పోయారు. చిన్నవాడికి ఆ యేడు వేసవిలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడిలో పుట్టువెంట్రుకలు తీయించినప్పుడు నేనే ఫోటో తీశాను. ఇంట్లో వున్న కాగితం నీళ్ళపాలయింది. "మీ దగ్గర నెగెటివు వుంటుందటగా బాబూ" అన్నాడు. వెండికి అమ్మేశానని చెప్పలేక, "వెతుకుతాను, రేపు రండి" అన్నాను. లేనిదాన్ని రెండురోజులు వెతికాను. మూడోనాడు, కుర్రాళ్ళు పెన్సిలు దిద్దడం నేర్చుకోవడానికి వుంచిన చెడిపోయిన ఫిల్ముల డబ్బా గుర్తుకొచ్చింది. అందులో దొరికింది. గుడిమెట్లమీద తల్లీ, తండ్రీ, పెద్దపిల్లా స్పష్టంగా వున్నారు. తల్లి వొడిలో గుండూ, గంధమూ కనిపిస్తున్నాయి. వాడు కదిలిపోయాడు గనుక ముఖం మాత్రం పొగలాగా వున్నది. ఆ కారణం చేతనే దాన్ని పక్కన పడేసి మరొకటి తీసి వుంటాను. బాగా వచ్చిన ఆ రెండోది వెండికి పోయింది.

అచ్చువేసి ఇస్తూ, "కదిలాడండి" అన్నాను, తప్పంతా వాడిదయినట్టు. ఆయన వెలుగులోకి వెళ్ళి చూసుకుని, "ఎప్పుడూ అంతేనండీ, ఒక్కచోట వుండేవాడు కాదు" అన్నాడు. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. అప్పటినుంచి ఒక్క ఫిల్మూ అమ్మలేదు. ఇంట్లో బియ్యం డబ్బాలు, బిస్కట్ డబ్బాలు, చివరికి దేవుడిగూటి కింద అర కూడా నెగెటివులే. మా ఇల్లాలు దీనికి పెట్టిన పేరు ఇక్కడ వ్రాయను.

తరవాతి కథ అందరికీ తెలిసినదే. రంగుఫోటోలు వచ్చాయి, ల్యాబులు వచ్చాయి, వీడియోవాళ్ళు పెద్దపెద్ద దీపాలతో వచ్చి పురోహితుణ్ణి కూడా పక్కకు జరపడం నేర్చారు. ఇప్పుడు అందరి జేబులోనూ కెమెరా వుంది. భోగిపళ్ళు పోసేటప్పుడు పదిమంది ఫోనులు ఎత్తుతారు. పోయడానికి పెద్దమ్మ ఒక్కతే మిగులుతుంది. బాగుందో బాగాలేదో నేను చెప్పను. పిల్ల ఆశ్చర్యపడే ఆ క్షణం వాళ్ళకూ దొరుకుతూనే వుంది, పది ఫోనుల్లో ఒక్క దాంట్లోనైనా. అది మళ్ళీ ఎవరైనా తీసి చూస్తారా అన్నదే నా సందేహం.

స్టూడియో మూసి చాలాకాలమైంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. అవే రోజుల్లో బ్యారేజీ దగ్గర కృష్ణ కూడా 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. ఇళ్ళలో నీళ్ళు రోజులతరబడి నిలిచాయి. నీళ్ళు తీశాక, బురదపట్టిన ఆల్బములు పట్టుకుని తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. యెండలో ఆరబెట్టి, అంటుకున్నవాటిని పీకి, చింపి తెచ్చినవాళ్ళే ఎక్కువ. ఎవరికైనా పనికివస్తుందని చెబుతున్నాను: అంటుకున్న ఫోటోలను ఎప్పుడూ పీకకండి. పాత నలుపు తెలుపు ఫోటోలయితే వెడల్పాటి పళ్ళెంలో చల్లని మంచినీళ్ళు పోసి అందులో వదలండి. నీళ్ళు మారుస్తూ వుండండి. ఓపిక పడితే చాలా వాటికి అవే విడతాయి. విడివిడిగా, బొమ్మ పైకి వుండేటట్టు, నీడలో ఆరబెట్టండి. పటం అద్దానికి అతుక్కున్నదాన్ని కూడా పొడిగా లాగవద్దు. మందునీళ్ళలో పుట్టిన బొమ్మ నీళ్ళకు అంత సులువుగా చావదు. ఈ కాలపు పెళ్ళి ఆల్బములు, అట్టమీద అట్ట అతికించినవి, ఇటుకలాగా ఒకటే ముద్దయిపోయాయి. వాటిని నేనేమీ చేయలేకపోయాను.

అలా వచ్చినవారిలో డెబ్బై దాటిన ఒకావిడ వుంది. కోడలి చేయి పట్టుకుని వచ్చింది. ఆవిడ తెచ్చిన మూటలో పది పన్నెండు ఫోటోలు బురదతో కలిసి అప్పచ్చిలాగా వున్నాయి. నా వంటింటి పళ్ళెంలో వాటిని నానబెట్టాను. సాయంత్రానికి ఒక్కొక్కటే తేలింది. ఏడో యెనిమిదో కాగితం పూలజడ. పదేళ్ళ పిల్ల, పావడా, వంకీలు, వెనక అద్దంలో జడ. మా కుర్చీ. మా అద్దం. అద్దం ఎడమ అంచున నాలుగు చిన్న వేళ్ళు. ఆ వేళ్ళు నావి. కుడివైపు మూల, అద్దం కాస్త ఎక్కువ తిరిగినందువల్ల, మూడుకాళ్ళ కెమెరా, దాని వెనక నల్లగుడ్డ, గుడ్డ కిందనుంచి బయటికి చాచిన ఒక చెయ్యి, చేతిలో రబ్బరుబుడ్డి.

మా ఇంట్లో నాన్నగారి ఫోటో ఒక్కటే వుంది; రేషనుకార్డుకో దేనికో తీసినది. ఆయన పనిచేస్తూండగా తీసినది లేదు. తీసేవాడు ఆయనే కదా. ఆ రోజు ఎందుకు పారేయలేదో, ప్లేట్లు అయిపోయాయో, మబ్బు కమ్ముకొచ్చిందో.

"ఈ ఒక్కటి నేను కాపీ తీసుకోవచ్చునా అమ్మా?" అని అడిగాను.

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని, నేను వేలు పెట్టిన మూలను చూసి, "దానికేం నాయనా, తీసుకో. అయితే అది మనిషా? ఇన్నాళ్ళూ మేం ఎవరో కుర్చీమీద గొడుగు ఆరేశారనుకుంటున్నాం" అన్నది.